సొంత లైనక్స్ పెట్టెలో హెచ్‌డీ టీవీ: పట్టుకోవడం సులువు, ఆడించడమే పని

(డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో తెలుగువాళ్ళ సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

కేబుల్ లేకుండా, నెట్ లేకుండా, యాంటెన్నా పెట్టుకుని టీవీ చూసేవాళ్ళు ఈ గదిలో ఎంతమంది ఉన్నారు? ఒక్కసారి చేతులెత్తండి. తక్కువమందే ఉన్నారు. నేను అనుకున్నదే. మనలో చాలామందిమి ఈ దేశానికి వచ్చేసరికే కేబుల్ కనెక్షన్ ఉన్న అపార్ట్‌మెంట్లలోకి వచ్చాం. తర్వాత నెట్‌లో చూడటం అలవాటైంది. మధ్యలో ఈ గాల్లో వచ్చే టీవీ అనేది ఒకటుందని చూసుకోలేదు. ఇక్కడికి దక్షిణాన సీడర్ హిల్ ఉంది కదా, ఆ గుట్ట మీద వరసగా టవర్లు కనిపిస్తాయి. మన ఊరి ఛానెళ్ళు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. ఫ్రిస్కోలో ఉన్నవాళ్ళకి దాదాపు 40 మైళ్ళు. అంత దూరం నుంచి వచ్చే బొమ్మ హెచ్‌డీ బొమ్మ. దానికి నెలనెలా బిల్లు కట్టక్కర్లేదు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ బొమ్మని మనం కట్టుకున్న కంప్యూటర్లో, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, చక్కగా ఆడించడం ఎలా అన్నదే ఇవాళ్టి విషయం. నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. పట్టుకోవడం సులువు. రికార్డ్ చెయ్యడం ఇంకా సులువు. ఆడించడం దగ్గరే పనంతా ఉంది. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుని, డబ్బంతా యాంటెన్నా మీదా, ఛానెల్ పట్టే ట్యూనర్ మీదా పెట్టేసి, చివర్లో బొమ్మ గెంతుతుంటే లైనక్స్ ఇంతే అని వదిలేస్తారు. లైనక్స్ ఇంతే కాదండీ.

అసలు గాల్లో వచ్చేది ఏమిటి? అమెరికాలో ఈ పద్ధతిని ఏటీఎస్‌సీ అంటారు. ఒక్కో స్టేషన్‌కి 6 మెగాహెర్ట్జ్ వెడల్పు ఇస్తారు. అందులో సెకనుకి 19.39 మెగాబిట్ల డేటా వస్తుంది. ఎప్పుడూ అంతే, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆ డేటా 188 బైట్ల చిన్న చిన్న ప్యాకెట్లుగా వస్తుంది. వీడియోని కుదించే పద్ధతి ఎంపెగ్-2, ఆడియోది ఏసీ-3, అంటే డాల్బీ. దీన్నంతా కలిపి ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ అంటారు. బొమ్మని కుదించే పనంతా స్టేషన్ వాళ్ళే చేసి పంపుతున్నారు. మరి మన కంప్యూటర్ రికార్డ్ చెయ్యాలంటే ఏం చెయ్యాలి? ఏమీ లేదు. వచ్చిన ప్యాకెట్లు వచ్చినట్టు డిస్క్ మీద రాసుకోవాలి. సెకనుకి రెండున్నర మెగాబైట్లు కూడా ఉండదు. స్ట్రీమ్ మొత్తం రాసినా గంటకి 8.7 గిగాబైట్లు. పదిహేనేళ్ళ పాత కంప్యూటర్ కూడా ఒకేసారి మూడు నాలుగు స్టేషన్లు రాయగలదు.

పాత అనలాగ్ రోజుల్లో ఇలా ఉండేది కాదు. బొమ్మని కంప్యూటరే డిజిటల్‌గా మార్చి, కుదించి, అప్పుడు రాయాలి. దానికోసం ఎంపెగ్ ఎన్‌కోడర్ చిప్ ఉన్న కార్డులు కొనేవాళ్ళు. రికార్డింగ్ కష్టం, ఆడించడం సులువు. డిజిటల్ వచ్చాక అది పూర్తిగా తిరగబడింది. ఈ తిరగబడటం అర్థమైతే మిగతా ప్రసంగం సగం అర్థమైనట్టే.

చరిత్ర కొంచెం చెబుతాను, ఎందుకంటే మనం వాడుతున్నది ఊరికే రాలేదు. 2002లో ఐజాక్ రిచర్డ్స్ అనే ఆయన మిత్‌టీవీ మొదలుపెట్టారు, టీవీని రికార్డ్ చేసి చూపించే ప్రోగ్రామ్ అది. అందులో బ్యాకెండ్ అని ఒకటి, ఫ్రంటెండ్ అని ఒకటి. రికార్డ్ చేసే భాగం వేరు, చూపించే భాగం వేరు. బ్యాకెండ్ ఎక్కడో అల్మారాలో ఉండొచ్చు, ఫ్రంటెండ్ హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి ఉండొచ్చు. అప్పట్లో హెచ్‌డీ పట్టుకోవడానికి లైనక్స్ కోసమే తయారైన కార్డులు పీసీహెచ్‌డీటీవీ వాళ్ళవి. హెచ్‌డీ-2000, తర్వాత హెచ్‌డీ-3000. లైనక్స్ కోసమే ఒక హార్డ్‌వేర్ అమ్మడం అంటే ఆ రోజుల్లో ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. ఆ తర్వాత సిలికాన్‌డస్ట్ వాళ్ళ హెచ్‌డీహోమ్‌రన్ వచ్చింది. ట్యూనర్ కంప్యూటర్లో కాకుండా బయట పెట్టెలో ఉంటుంది, యాంటెన్నా తీగ దానికి, అక్కడి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి. డ్రైవర్ గొడవే లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇలాంటి నెట్‌వర్క్ ట్యూనరే.

యాంటెన్నా గురించి నాలుగు మాటలు చెప్పి వదిలేస్తాను. "హెచ్‌డీ యాంటెన్నా" అని ప్రత్యేకంగా ఏదీ లేదు. మీ నాన్నగారి కాలం నాటి యాంటెన్నా అయినా పనిచేస్తుంది. ఛానెళ్ళు ఎక్కువ భాగం యూహెచ్‌ఎఫ్ అనే పై తరంగాల్లో ఉంటాయి, కొన్ని వీహెచ్‌ఎఫ్ అనే కింది తరంగాల్లో. టీవీలో కనిపించే నెంబరు, గాల్లో వాడే అసలు నెంబరు ఒకటే అవ్వాలని లేదు. ఇక్కడ డబ్ల్యూఎఫ్‌ఏఏ స్టేషన్ 2009లో అనలాగ్ ఆగిపోయాక డిజిటల్‌ని పాత 8వ నెంబరుకే తెచ్చుకుంది, అది వీహెచ్‌ఎఫ్. కిటికీకి అంటించే పలచటి యాంటెన్నాలు చాలావరకు యూహెచ్‌ఎఫ్ కోసం చేసినవి. అందుకే మిగతావన్నీ వచ్చి ఆ ఒక్కటి రాకపోతే కంగారుపడకండి, యాంటెన్నా మార్చండి. ఇంకోటి. డిజిటల్‌లో మసక బొమ్మ అనేది లేదు. సిగ్నల్, నాయిస్ కంటే సుమారు 15 డెసిబెల్స్ పైన ఉంటే బొమ్మ పూర్తిగా వస్తుంది. ఆ కింద అసలు రాదు. అంచు మీద ఉంటే చదరాలు చదరాలుగా విడిపోతుంది. అది కంప్యూటర్ తప్పు కాదు. ముందు రికార్డ్ చేసిన ఫైల్‌ని రెండోసారి ఆడించండి. రెండోసారీ అదే చోట విరిగితే తప్పు గాల్లో ఉంది. వేరే చోట విరిగితే తప్పు మీ పెట్టెలో ఉంది. ఈ ఒక్క పరీక్ష చాలా సమయం మిగులుస్తుంది.

ఆడించడం

ఇప్పుడు అసలు పనికి వద్దాం.

డీవీడీ బొమ్మ 720 అడ్డం, 480 నిలువు. హెచ్‌డీలో పెద్దది 1920 అడ్డం, 1080 నిలువు. లెక్క వేసి చూడండి, సరిగ్గా 6 రెట్లు. సెకనుకి 6 కోట్ల 20 లక్షల పైచిలుకు చుక్కలు విప్పి తెర మీద పెట్టాలి. 2004 ప్రాంతంలో ఈ పనిని ప్రాసెసర్ ఒక్కటే చెయ్యాలంటే 3 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కూడా ఊపిరి బిగబట్టి చెయ్యాల్సి వచ్చేది. అప్పుడు ఏం చేశారు? ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డుల్లో ఎక్స్‌వీఎంసీ అనే దారి ఉండేది. ఎంపెగ్-2 విప్పడంలో కొంత భాగాన్ని, అంటే ముందు ఫ్రేమ్‌లోని ముక్కల్ని జరిపి కొత్త ఫ్రేమ్ కట్టే పనిని, గ్రాఫిక్స్ కార్డు చేసేది. జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5200 లాంటి ఫ్యాన్ లేని చవక కార్డులకి అప్పట్లో అందుకే అంత గిరాకీ. కానీ ఎక్స్‌వీఎంసీలో తెర మీద వచ్చే మెనూ నలుపు తెలుపుల్లోనే కనిపించేది. మనవాళ్ళు దానికీ సర్దుకున్నారు.

2008 నవంబర్‌లో ఎన్‌విడియా వీడీపీఏయూ అనే కొత్త దారి తెచ్చింది. విప్పే పని మొత్తం గ్రాఫిక్స్ చిప్ చూసుకుంటుంది, రంగుల మెనూ వస్తుంది, ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. ఇంటెల్ వైపు నుంచి అలాంటిదే వీఏ-ఏపీఐ వచ్చింది. ఇవాళ మీరు ఏ చిన్న ఇంటెల్ పెట్టె కొన్నా ఎంపెగ్-2 విప్పడం దానికి లెక్క కాదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న చవక కంప్యూటర్ మొదటి మూడు తరాల్లో ఎంపెగ్-2 కి విడిగా లైసెన్స్ కీ కొనాల్సి వచ్చేది. పై 4 లో ఆ హార్డ్‌వేర్‌ని శాశ్వతంగా ఆపేశారు, ప్రాసెసరే విప్పుకుంటుంది. అమెరికాలో ఎంపెగ్-2 పేటెంట్ల గడువు కూడా 2018 ఫిబ్రవరితో తీరిపోయింది.

అయితే విప్పడం తేలికైపోయింది కదా, ఇంకా బొమ్మ ఎందుకు గెంతుతుంది? ఇదీ అసలు ప్రశ్న. దీనికి రెండు కారణాలు, రెండూ వేరు వేరు.

మొదటిది ఇంటర్‌లేసింగ్. ఏబీసీ, ఫాక్స్ స్టేషన్లు చాలావరకు 720 పి లో పంపుతాయి, అంటే సెకనుకి 60 పూర్తి ఫ్రేములు. సీబీఎస్, ఎన్‌బీసీ 1080 ఐ లో పంపుతాయి. ఆ ఐ అంటే ఏమిటి? ఒకసారి సరి గీతలు, ఒకసారి బేసి గీతలు. సెకనుకి 60 సగం బొమ్మలు. రెండు సగాలూ ఒకే క్షణంలో తీసినవి కావు, అది గుర్తుపెట్టుకోండి. వాటి మధ్య సెకనులో అరవయ్యో వంతు తేడా ఉంది. ఆ తేడాలో బంతి కదిలింది, చెయ్యి కదిలింది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ సగం సగమే గీసేది కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పటి తెరలు బొమ్మ మొత్తం ఒకేసారి వేస్తాయి. రెండు సగాల్నీ కలిపేసి వేస్తే కదిలే వస్తువు అంచుల్లో దువ్వెన పళ్ళు వస్తాయి. ఒక సగాన్ని పారేస్తే పళ్ళు పోతాయి, కానీ కదలిక సెకనుకి 30 కి పడిపోతుంది, వివరం కూడా పోతుంది. అది హెచ్‌డీ అనిపించుకోదు.

మరి ఏం చెయ్యాలి? ఒక్కో సగాన్నీ ఒక్కో పూర్తి ఫ్రేముగా పెంచి, 60 కి 60 చూపించాలి. కదలని చోట పక్క సగం నుంచి గీతలు తెచ్చుకోవాలి, కదిలే చోట లెక్కకట్టి నింపాలి. యాడిఫ్, బీడబ్ల్యూడిఫ్ అనే ఫిల్టర్లు ప్రాసెసర్ మీద ఈ పని చేస్తాయి. వీడీపీఏయూ, వీఏ-ఏపీఐలలో ఇదే పనిని చిప్పు చేస్తుంది. ఫిల్టర్‌ని రెట్టింపు వేగంలో పెట్టడం మర్చిపోకండి. కొన్ని ప్లేయర్లలో మామూలుగా 30 కి మార్చేలా ఉంటుంది, చూసేవాళ్ళు ఏదో తేడాగా ఉందంటారు గానీ ఏమిటో చెప్పలేరు. పరీక్షించడం ఎలా? వార్తల్లో కింద స్క్రోలింగ్ పోతుంది చూశారా, దాన్ని చూడండి. అక్షరాలు జారుతున్నట్టు పోవాలి. అంచులు చిరిగినా, కుదుపులు కుదుపులుగా పోయినా మీ సెట్టింగ్ తప్పు. సినిమా పెట్టి పరీక్షించకండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములే, అందులో ఈ తప్పు దాక్కుంటుంది. స్క్రోలింగ్‌లో దాక్కోదు.

రెండో కారణం గడియారాలు. నాకు ఈ విషయం అంటే చాలా ఇష్టం, కాసేపు ఓపిక పట్టండి.

డీవీడీ పెట్టినప్పుడు ప్లేయరే యజమాని. దానికి కావాల్సినప్పుడు డేటా లాక్కుంటుంది. లైవ్ టీవీలో అలా కుదురుతుందా? కుదరదు. సీడర్ హిల్‌ని ఆగమనలేం, తొందరగా పంపమనలేం. స్టేషన్‌లో 27 మెగాహెర్ట్జ్ గడియారం ఒకటుంది. దాని సమయాన్ని స్ట్రీమ్‌లోనే మధ్యమధ్యలో పంపుతుంటారు. మన ఇంట్లో సౌండ్ చిప్‌కి సొంత గడియారం ఒకటి. తెర కోసం గ్రాఫిక్స్ కార్డుకి ఇంకో గడియారం. మూడు గడియారాలు, మూడూ ఒకదానికొకటి సంబంధం లేనివి. భజనలో ముగ్గురు ఒకరి తాళం ఒకరు వినకుండా వాయించినట్టు. మొదటి నిమిషం బాగానే ఉంటుంది, గంటకి ఎవరి దారి వాళ్ళదే.

ఎంత తేడా వస్తుందంటారు? గడియారంలో లక్షకి 5 వంతుల తేడా అనుకోండి, చవక పరికరాల్లో అది మామూలే. గంటకి 0.18 సెకను. పదో వంతు సెకను దాటితే పెదాలకీ మాటకీ పొంతన లేదని కన్ను పట్టేస్తుంది. అందుకే ప్రతి ప్లేయరూ ఏదో ఒక గడియారాన్ని పెద్దగా పెట్టుకుని మిగతావాటిని దాని వెంట నడిపిస్తుంది. మామూలుగా ఆడియో గడియారాన్నే పెద్దగా పెట్టుకుంటారు, ఎందుకంటే శబ్దం తెగితే చెవి ఊరుకోదు. అప్పుడు వీడియోలో ఫ్రేము ఒకటి వదిలెయ్యడమో, ఒకటి రెండుసార్లు చూపించడమో చేస్తారు. అదే గెంతు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. నేను ఇందాకటి నుంచి 60, 60 అంటున్నాను కదా, నిజానికి అది 59.94. రంగుల టీవీ వచ్చినప్పటి నుంచి అమెరికాలో అంతే. మీ తెరని కచ్చితంగా 60 లో పెట్టారనుకోండి. సుమారు 17 సెకన్లకి ఒకసారి ఒక ఫ్రేము రెండుసార్లు పడుతుంది. గడియారాలన్నీ సరిగ్గా ఉన్నా సరే పడుతుంది. స్క్రోలింగ్ చూస్తూ కూర్చోండి, 17 సెకన్లకి ఒక చిన్న కుదుపు. ఎంత పెద్ద కార్డు కొన్నా పోదు. తెరని 59.94 కి మారిస్తే పోతుంది, అది ఒక్క సెట్టింగ్. చాలా టీవీలు రెండూ తీసుకుంటాయి, అడిగితేనే ఇస్తాయి.

కోడి అనే ప్లేయర్ ప్రోగ్రామ్‌లో తెర వేగానికి వీడియో ఆడే వేగాన్ని సర్దే సదుపాయం ఉంది. ఎంపీవీ ప్లేయర్‌లోనూ ఉంది. తెర గడియారాన్ని పెద్ద చేసి, ఆడియోని లేశమాత్రం సాగదీసో కుదించో సరిపెడుతుంది. చెవికి తెలియనంత. ఇది నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే మంచి పద్ధతి. కానీ మీరు డాల్బీని విప్పకుండా నేరుగా స్పీకర్ల రిసీవర్‌కి పంపుతుంటే ఇది పనిచెయ్యదు. విప్పని డేటాని సాగదియ్యలేం కదా. రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. స్టీరియోలో వినే ఇల్లయితే కంప్యూటర్లోనే విప్పండి, ఆలోచించక్కర్లేదు. 5.1 స్పీకర్లు ఉన్నా, హెచ్‌డీఎంఐ మీద కంప్యూటరే విప్పి ఆరు ఛానెళ్ళూ విడిగా పంపగలదు. అదే చెయ్యమంటాను.

పెద్దాయన ఒకరు అడుగుతున్నారు, ఇంత తంటా ఇంట్లో మిగతావాళ్ళు పడగలరా అని. పడకూడదండీ. తంటా కట్టేవాడిది, చూసేవాళ్ళది కాదు. మన అమ్మానాన్నలు ఇండియా నుంచి ఆరు నెలలకి వస్తారు, పగలంతా ఇంట్లో ఉంటారు. రిమోట్ తీసి నాలుగు బటన్లు నొక్కితే టీవీ రావాలి. టెక్సాస్‌లో టోర్నడో సైరన్ మోగి నెట్ పోయినప్పుడు వాతావరణం చెప్పేది ఈ గాల్లో వచ్చే ఛానెలే. ఆ సమయంలో పెట్టె మొరాయిస్తే ఊరుకోగలమా? అందుకే నేను రికార్డ్ చేసే పెట్టెనీ హాల్లో పెట్టెనీ వేరుగా ఉంచమంటాను. యాంటెన్నా తీగని ఒక చీలికతో నేరుగా టీవీకి కూడా ఇవ్వండి. చీలిక పెడితే మూడున్నర డెసిబెల్స్ పోతాయి, అది చూసుకోండి.

తాళం లేని స్ట్రీమ్

ఇదంతా ఎలా సాధ్యమైంది? స్ట్రీమ్‌కి తాళం లేదు కాబట్టి, అంటే దాన్ని రహస్య సంకేతంగా మార్చి పంపడం లేదు కాబట్టి. దీని గురించి నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను.

2003 నవంబర్‌లో ఎఫ్‌సీసీ, అంటే ఇక్కడ ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ, ఒక నిబంధన తెచ్చింది. దాని పేరు బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్. స్ట్రీమ్‌లో కొన్ని బైట్ల గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే రికార్డింగ్‌ని బయటికి పోనివ్వకుండా కట్టడి చేసే పరికరాలే 2005 జూలై 1 నుంచి తయారవ్వాలి. మరి సోర్స్ కోడ్ మన చేతిలో ఉన్న లైనక్స్ పెట్టె ఆ షరతు ఎలా ఒప్పుకుంటుంది? ఎవరైనా మార్చుకోగలిగే ప్రోగ్రామ్‌కి ఆ నిబంధనలో చోటే లేదు. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్ళు గడువు లోపే కార్డులు కొనుక్కుని సొంత రికార్డర్లు కట్టుకోండని ప్రచారం చేశారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ముందు నిలబడి కోర్టుకి వెళ్ళింది. గ్రంథాలయాలండీ! టీవీ కంపెనీలు కాదు, గ్రంథాలయాలు. 2005 మే 6న వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు తీర్పిచ్చింది: సిగ్నల్ అందుకున్న తర్వాత పరికరం ఏం చెయ్యాలో శాసించే అధికారం ఎఫ్‌సీసీకి లేదు. గడువుకి రెండు నెలల ముందు. మన ఇళ్ళల్లో ఈ పెట్టెలు ఆ తీర్పు వల్లే నిలిచాయి.

కేబుల్‌లో అంత అదృష్టం లేదు. ఒకప్పుడు స్థానిక ఛానెళ్ళు తాళం లేకుండా వచ్చేవి, అదే ట్యూనర్‌తో చూసేవాళ్ళం. 2012 అక్టోబర్‌లో ఆ ప్రాథమిక ఛానెళ్ళకీ తాళం వేసుకోవచ్చని ఎఫ్‌సీసీ అనుమతించింది, వేశారు.

ఇప్పుడు గాల్లో కొత్త పద్ధతి వస్తోంది, ఏటీఎస్‌సీ 3.0. 2017లో అనుమతి వచ్చింది. వీడియో హెచ్‌ఈవీసీ, ఆడియో ఏసీ-4, సిగ్నల్ కూడా కష్టమైన చోట్ల బాగా అందేలా తయారుచేశారు. ఇంజనీరింగ్ పరంగా మంచి పని, నేను కాదనను. కానీ చాలా స్టేషన్లు దానికి తాళం వేస్తున్నాయి. మీ ట్యూనర్ ఆ సిగ్నల్ పట్టుకుంటుంది, డిస్క్ మీద రాస్తుంది, కానీ మీ లైనక్స్ పెట్టె దాన్ని తెరవలేదు. నేను ఇప్పటిదాకా చెప్పిన ఫిల్టర్లు, గడియారాలు, 59.94, అన్నీ తాళం ముందు ఆగిపోతాయి. ప్రజల గాలి తరంగాల మీద వచ్చే ఉచిత ప్రసారానికి తాళం ఎందుకు?

ఇండియా సంగతేమిటని ఇందాక ఒకమ్మాయి అడిగింది. అక్కడ ఇంట్లో చెయ్యాలంటే దారి డీడీ ఫ్రీ డిష్. 93.5 డిగ్రీల తూర్పున జీశాట్-15 నుంచి వస్తుంది. నెల చందా లేదు. దూరదర్శన్ తెలుగు ఛానెళ్ళు యాదగిరి, సప్తగిరి అందులో ఉన్నాయి. శాటిలైట్ సిగ్నల్ పట్టే డీవీబీ-ఎస్2 కార్డు ఒకటి, రికార్డ్ చెయ్యడానికి టీవీహెడ్‌ఎండ్ ప్రోగ్రామ్, చూడటానికి కోడి. ప్యాకెట్లు అక్కడా 188 బైట్లే. ఒక తేడా గుర్తుంచుకోండి, అక్కడ సెకనుకి 50 సగాలు, కాబట్టి తెరని 50 లో పెట్టాలి. 60 లో పెడితే స్క్రోలింగ్ చూడలేరు. చందా కట్టే ప్రైవేట్ డీటీహెచ్‌లు మాత్రం తాళం వేసినవి, వాటి జోలికి పోకండి.

మళ్ళీ ఇక్కడి విషయానికి. ఏటీఎస్‌సీ 3.0 మీద ఎఫ్‌సీసీ ఫైలు నెంబరు 16-142. అభిప్రాయం రాయడానికి సిటిజన్ అవ్వాల్సిన పని లేదు, హెచ్-1 మీద ఉన్నవాళ్ళూ రాయొచ్చు. రాస్తే పేరు, చిరునామా అందరికీ కనిపిస్తాయి, అది తెలిసి రాయండి. పెద్ద వ్యాసం అక్కర్లేదు. మీ ఇంట్లో ఏ ట్యూనర్ ఉంది, ఏ పెట్టెలో చూస్తున్నారు, తాళం వేస్తే మీకు ఏది ఆగిపోతుంది, ఇంతే రాయండి. సరే, టేబుల్ మీద ట్యూనరూ యాంటెన్నా పెట్టాను. దక్షిణం వైపు కిటికీ అదే కదా? తెర తియ్యండి బాబూ, ఛానెళ్ళు స్కాన్ చేద్దాం.